కాళియమ్మ ముంజేతికి తెలిసిన సంగతి

ఎనిమిదేళ్ళ కింద ఆస్పత్రి ఆయా కాళియమ్మ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆమె చదివింది కార్పొరేషను బళ్ళో ఎనిమిదో క్లాసుదాకా, అదీ తమిళంలో. అందుకని ఆఫీసు గుమాస్తా చదివి అర్థం చెప్పాడు. ‘నాకు వైద్యం తెలియదు. రోగి పరిస్థితి గురించి వాళ్ళ మనుషులతో ఒక్క మాట కూడా మాట్లాడను. మాట్లాడితే నన్ను పనిలోంచి తీసేయవచ్చు.’

ఆమె చేసిన నేరం చిన్నదే. ఆరో నంబరు మంచం మీదున్న ముసలమ్మకు ఒళ్ళు తుడుస్తూ, చెమట వాసన మారిందని, లోపల ఎక్కడో చీము పడుతున్నట్టుందని, డాక్టరును పిలిపించమని కొడుకుతో చెప్పింది. కొడుకు వెళ్ళి డాక్టరుతో గొడవ పెట్టుకున్నాడు. మూడో రోజు రక్తపరీక్షలో కాళియమ్మ చెప్పిందే బయటపడింది. అయినా ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోయింది. మూడు నెలలపాటు ఆమెను వార్డులోంచి తీసి కక్కూసులు కడిగే పనికి వేశారు. ఆమె పల్లెత్తు మాట అనలేదు. ఇంట్లోనూ చెప్పుకోలేదు. కూతురు అడిగితే, కింది అంతస్తులో మనుషులు చాలక వేశారంది. నిజం చెప్పినందుకు శిక్ష పడితే మనం అన్యాయం అంటాం. ఆయాకు ఆ మాట వాడే అలవాటు లేదు.

కాళియమ్మ ఇల్లు మద్రాసు వ్యాసర్పాడిలో, రైలు యార్డు గోడ పక్క వరసలో. తాత కాలంలో నెల్లూరు వైపునుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆ వరసలో అందరిదీ అదే తీరు. ఆస్పత్రిలో, రేషను కొట్టులో, పోలీసు స్టేషన్లో ‘మీ భాష ఏంటి’ అని అడిగితే ఎవరూ ఆలోచించరు, తమిళం అంటారు. ఆఫీసులకు ఆ భాష, ఇంటికి ఈ భాష.

ఆమె పనిచేసే ఆస్పత్రి ఒక ట్రస్టుది. తలకు దెబ్బ తగిలి స్పృహ లేకుండా పడున్నవాళ్ళ వార్డు మూడో అంతస్తులో ఉంది. పద్నాలుగు మంచాలు. పొద్దున్నే ఒళ్ళు తుడవాలి, గుడ్డలు మార్చాలి, రెండు గంటలకొకసారి మనిషిని ఆ పక్కకూ ఈ పక్కకూ తిప్పాలి. తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. పంతొమ్మిదేళ్ళుగా కాళియమ్మ తిప్పుతూనే ఉంది. ఎంతమందిని తిప్పిందో ఆమెకే తెలియదు.

ఆ తిప్పడంలోనే ఆమెకు ఒక సంగతి పట్టుబడింది. అది ఎవరూ నేర్పింది కాదు. నిజంగా స్పృహ లేని మనిషి తడిసిన ఇసకమూటలా ఉంటాడు. మొత్తం బరువూ నీ మీదే వేస్తాడు. లోపల మనిషి ఉంటే మాత్రం, కళ్ళు తెరవకపోయినా వేలు కదపకపోయినా, తిప్పేటప్పుడు తన బరువులో పిసరంత తానే మోసుకుంటాడు. భుజం కింద పెట్టిన ముంజేతికి ఆ పిసరు తెలుస్తుంది. కొత్తగా చేరిన ఆయాలకు ఇది చెబితే నవ్వేవాళ్ళు. అక్క చేతిని సౌకార్‌పేట కొట్లకు పంపితే తక్కెడకు బదులు వాడుకుంటారని ఎగతాళి చేసేవాళ్ళు. కాళియమ్మా నవ్వేది. అన్నిసార్లూ తన లెక్క నిజమైందని ఆమె అనదు. తప్పినవీ ఉన్నాయి. కానీ నిజమైనవాటినీ ఎవరూ ఎక్కడా రాయలేదు, ఎందుకంటే ఆమెను అడిగినవాళ్ళు లేరు.

పోయిన ఏడాది వానాకాలంలో తొమ్మిదో నంబరు మంచం మీదికి నాగలింగం వచ్చాడు. సౌకార్‌పేట కొట్లకు గుడ్డల బేళ్ళు తోలే మూడుచక్రాల బండి అతనిది. ఎన్నూరు రోడ్డు మీద లారీ తగిలి తల పగిలింది. ఆపరేషను అయింది, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు, ఊపిరి తానే తీసుకుంటున్నాడు. కళ్ళు మాత్రం తెరవలేదు. పెళ్ళాం విజి రోజూ సాయంత్రం చూసే వేళకు వచ్చి, మంచం పక్కన నిలబడి, గంటసేపూ నోరు విప్పకుండా వెళ్ళిపోయేది.

నాలుగో రోజు కాళియమ్మ ఉండబట్టలేక పలకరించింది. మాట యాసలోనే ఇద్దరికీ తెలిసిపోయింది, ఇద్దరూ తెలుగువాళ్ళేనని.

“ఏమ్మే, దినామూ వచ్చి స్తంభం మాదిరి నిలబడతావే. మొగుడితో ఒక మాట మాట్లాడగూడదా?”

“ఏమని పిలిచేదక్కా?” అంది విజి సిగ్గుపడుతూ. “నేను ఆయన పేరు చెప్పనే చెప్పను. ఇంట్లో ‘ఇదో’ అంటా, అంతే. ఇదో, టీ. ఇదో, టైమైంది. ఇంతమంది ఎదురుగా ‘ఇదో’ అంటే నగరా?”

మొగుడి పేరు నోట పలికితే ఆయుస్సు తగ్గుతుందని ఆ వరసల్లో ఇప్పటికీ అనుకుంటారు. ఇరవైనాలుగేళ్ళ కాపురంలో విజి నోట నాగలింగం పేరు రాలేదు. ఓటరు కార్డు రాసేవాళ్ళు వచ్చినా పక్కింటామె చేత చెప్పించింది. కాళియమ్మ నవ్వి, తానూ పోయినాయన పేరు పలికింది ఆయన చావు సర్టిఫికెట్ దగ్గరేనంది.

మర్నాడు పొద్దున ఒళ్ళు తుడుస్తూ, ఊరికే అన్నట్టుగా, కాళియమ్మ ఆ పిలుపే పిలిచింది. “ఇదో. ఈ పక్కకు తిరుగబ్బా.” భుజం కింద ముంజేయి పెట్టి ఎత్తింది. బరువు తగ్గింది.

ఆమె చెయ్యి తీసేసింది. మళ్ళీ పెట్టి, ఏమీ అనకుండా తిప్పింది. ఇసకమూట. మళ్ళీ ‘ఇదో’ అంది. మళ్ళీ ఆ పిసరు. అలా వారం రోజులు చూసుకుంది. పదిసార్లు పిలిస్తే ఆరేడుసార్లు పలికేవాడు. అవును, ఆమెకు అది పలకడమే.

ఆ వారం చివర్లో వార్డుకు కొత్త యంత్రం వచ్చింది. రోగి తలకు వైర్ల టోపీ, మంచానికి ఎదురుగా కెమెరా, చిన్న స్పీకరు. ఇంట్లోవాళ్ళ గొంతు రికార్డు చేసి వినిపిస్తే, మనిషి లోపల ఏదైనా కదులుతుందేమో కృత్రిమ మేధ కనిపెట్టి అంకె చూపిస్తుంది. డాక్టరు కళ్ళకు అందనివి కూడా దానికి అందుతాయని చెప్పారు. అది అబద్ధం కాదు. ఆ తర్వాత పన్నెండో మంచం మీదున్న కుర్రవాడి విషయంలో డాక్టర్లకంటే అదే ముందు కనిపెట్టింది కూడా.

దాన్ని బిగించడానికి వచ్చిన అమ్మాయి సునయన. ఖమ్మం పిల్ల, మద్రాసు వచ్చి రెండేళ్ళయింది. కాసేపటి ముందే వరండాలో వాళ్ళమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడటం కాళియమ్మ వింది. కానీ ఫైల్లో నాగలింగం భాష తమిళం అని ఉంది, విజి అలాగే చెప్పింది గనక. దాంతో సునయన రెండేళ్ళుగా నేర్చుకున్న ముక్కలు ముక్కల తమిళంలో విజికి చెప్పింది: పేరు పెట్టి పిలవండి, తర్వాత కుడిచెయ్యి ఎత్తమని అడగండి. విజి కూడా తమిళంలోనే తలూపింది. ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి తడుముకుంటూ తమిళం మాట్లాడుకున్నారు. పక్కన నీళ్ళ బేసిను పట్టుకుని కాళియమ్మ.

విజికి మొదటిసారి నోరు పెగల్లేదు. రెండోసారి గోడవైపు తిరిగింది. వార్డు పెద్ద నర్సు జెబ, ఈ కాలంలో కూడా ఏం సిగ్గు విజీ అని నవ్వించింది. మొగుడు బతకాలంటే ఆయుస్సు సంగతి పక్కన పెట్టక తప్పదనుకుంది కాబోలు, నాలుగోసారి విజి కళ్ళు గట్టిగా మూసుకుని, బళ్ళో పద్యం అప్పజెప్పినట్టు, నాగలింగం అని పిలిచి, తమిళంలో, చెయ్యి ఎత్తమని అడిగింది. ఆ గొంతు ఆమెది కాదు. ఆ పిలుపు ఆమెది కాదు. ఆ భాష వాళ్ళింటిది కాదు. రికార్డు బాగా వచ్చిందని సునయన మెచ్చుకుంది.

అలా కాదు పాపా అనే మాట కాళియమ్మ నాలుకదాకా వచ్చింది. ఇంట్లో పేరుతో పిలవరు, అరవంలో మాట్లాడరు, ఆ ఒక్క మాట చెబితే చాలు. ఆఫీసు ఫైల్లోని కాగితం గుర్తొచ్చింది. కూతురి కాలేజీ ఇంకా ఏడాది ఉంది. బేసినులో నీళ్ళు చల్లారిపోతున్నాయని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు, రోజుకు మూడుసార్లు ఆ గొంతు వినిపించారు. నాగలింగం ఇసకమూటలాగే పడున్నాడు. అంకె నాలుగు దాటలేదు. నూటికి నాలుగు. అయిదో రోజు పెద్ద డాక్టరు విజిని పిలిపించి నెమ్మదిగానే చెప్పాడు: మేం చూసినా కనిపించలేదు, యంత్రం చూసినా కనిపించలేదు, ఆయనకు తెలివి ఉన్న గుర్తులు లేవు. బీమా కార్డు మీద ఇచ్చిన రోజులు కూడా అయిపోవస్తున్నాయి. ట్రస్టు ఉచిత మంచాలు రెండే, తేరుకునే ఆశ ఉన్నవాళ్ళకే ఇస్తారు. ఇంటికి తీసుకెళ్ళి గొట్టంతో అన్నం పెడుతూ చూసుకోవడం ఒక దారి.

ఆ మధ్యాహ్నం కాళియమ్మ జెబ సిస్టరు దగ్గరికి వెళ్ళింది. నాగలింగం పిలిస్తే పలుకుతున్నాడని, తన చేతికి తెలుస్తున్నదని చెప్పింది. జెబ చెడ్డ మనిషి కాదు. వాళ్ళమ్మ కూడా ఆయాగా చేసి పోయిందే.

“అక్కా, నీ చెయ్యి చెప్పేది నేను యాడ రాసేది?” అని చార్టు తిప్పి చూపించింది. “బీపీకి గడి ఉండాది, జొరానికి ఉండాది, మిషను అంకెకు కూడా కొత్తగా పెట్టినారు. నీ చేతికి లేదే. పోయి పెద్ద డాక్టరుతో నువ్వే చెప్పు, నేను వెనకాల నిలబడతా.”

రేపు చెబుతాలే అంది కాళియమ్మ. డాక్టరు గదిదాకా వెళ్ళింది కూడా. లోపల ఎవరో ఉన్నారు. పది నిమిషాలు నిలబడి వచ్చేసింది. ఎవరూ లేకపోయినా వచ్చేసేదాన్నేమో అని ఇప్పుడు అంటుంది.

మర్నాడు విజి ఆమెను మెట్ల దగ్గర పట్టుకుంది. చేతిలో డిశ్చార్జి కాగితం, ఇంకా సంతకం పెట్టలేదు.

“అక్కా, నువ్వు దినామూ ఆయన్ని కడగతా ఉండావు. డాక్టరు చెప్పింది విన్నా, మిషను చెప్పింది విన్నా. నువ్వు చెప్పు. ఆయన లోపల ఉండాడా, లేడా?”

వార్డు తలుపు దగ్గర సూపర్‌వైజరు నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. కాళియమ్మ ఒకసారి అటు చూసింది.

“నాకేం తెలుస్తాది మే. డాక్టరు చెప్పిందే నమ్ము” అంది.

విజి మెట్ల మీదే కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసింది.

విజి ఇల్లు కూడా వ్యాసర్పాడిలోనే, సబ్‌వేకు అవతల. కాళియమ్మ రెండుసార్లు సబ్‌వే దాకా నడిచి వెనక్కి తిరిగింది. ఏ మొహం పెట్టుకుని పోయేదని. మూడోసారి వెళ్ళేటప్పటికి గుమ్మం ముందు షామియానా వేసి ఉంది.

జరిగిందంతా విజే చెప్పింది. ఇంటికొచ్చిన మూడో రోజు, ఎప్పుడూ పొద్దున చేసేటట్టే టీ గ్లాసు కిటికీ మీద పెట్టి ‘ఇదో, టీ’ అందట. అలవాటు కొద్దీ. నాగలింగం కళ్ళు తెరిచాడు. గ్లాసు వైపు చూశాడు. వినిపిస్తే కళ్ళు మూసి తెరవమంది, మూసి తెరిచాడు. ఆస్పత్రికి ఫోను చేస్తే సోమవారం తీసుకురమ్మన్నారు. తీసుకెళితే, అదే జబ్బుకు బీమా మళ్ళీ కావాలంటే కొత్తగా అనుమతి రావాలన్నారు. అనుమతికి పెట్టారు. ఈలోగా గొంతు గొట్టంలో కఫం పేరుకుంది. ఆస్పత్రిలో గంటకోసారి లాగేవాళ్ళు. ఇంట్లో ఆ మిషను లేదు. ఎవరో అద్దెకు ఇస్తామన్నది వచ్చేలోపల జ్వరం పట్టుకుంది, ఊపిరితిత్తులు నిండాయి. అనుమతి రాకముందే పోయాడు.

“పదకొండు రోజులు మాట్లాడుకున్నామక్కా” అంది విజి. “నేను నోటితో, ఆయన కళ్ళతో. బండి అమ్మొద్దన్నాడు. అడిగినా, అమ్మేదా అని. కళ్ళు మూయలేదు, అట్లే చూస్తా ఉండిపోయినాడు.”

కాళియమ్మకు ఇక లోపల నిలవలేదు.

“నాకు తెలుసు విజీ. నువ్వు మెట్ల కాడ అడిగితివే, అప్పుడే తెలుసు. పిలిస్తే పలికేవాడు.”



“చెప్పుంటే ఆడనే ఉంచుందును గదక్కా” అంది విజి. “ఎవురి కాళ్ళైనా పట్టుకోని ఉంచుందును.”

అంతే. వచ్చినవాళ్ళకు ఇచ్చినట్టే కాళియమ్మకూ టీ ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండేదని, జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చి ఉంటే ఇంకా బాగుండేదని కాళియమ్మకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నెల తిరక్కముందే సునయన యంత్రం చూసిపోవడానికి మళ్ళీ వచ్చింది. ఈసారి కాళియమ్మ ఆమెను గుడ్డలు ఆరేసే మేడ మీదికి తీసుకెళ్ళి మొదటినుంచీ చెప్పింది, తెలుగులో. మీరు తెలుగా ఆంటీ అని ఆశ్చర్యపోయిన పిల్ల, విజి కూడా తెలుగే అని తెలిసేసరికి గచ్చు మీద కూలబడింది. ఆ యంత్రం మనిషి లేడని ఎక్కడా చెప్పలేదంది. ‘ఆజ్ఞకు స్పందన కనబడలేదు’ అని మాత్రమే రాసింది. ఆ వాక్యం కంప్యూటరు నుంచి డాక్టరు నోటికి, అక్కణ్ణుంచి విజి చెవికి వచ్చేటప్పటికి ‘తెలివి లేదు’ అయింది.

“పిలుపుకి జవాబు వచ్చిందా లేదా అనేదే అది లెక్కపెడుతుంది ఆంటీ. పిలిచిన పిలుపే తప్పయితే దానికి తెలీదు. తెలీదని కూడా దానికి తెలీదు” అంది సునయన. “అక్కడే ఉన్నారుగా, మీరైనా చెప్పాల్సింది.”

“మిషన్ని ఏమీ అనను పాపా. దానికి తెలీదు, చెప్పలా. నాకు తెలుసు, చెప్పలా. మా ఇద్దరిలో తప్పు ఎవురిది?”

సునయన తన చేతిలో ఉన్నంతవరకు చేసింది: రికార్డు చేసే ముందు నింపే పత్రంలో ‘ఇంట్లో ఏమని పిలుస్తారు’, ‘ఇంట్లో ఏ భాష’ అని రెండు ప్రశ్నలు కలిపించింది. కాళియమ్మ ముంజేతి సంగతి ఆ పత్రంలో ఎక్కడ పెట్టాలో ఆమెకూ తోచలేదు. కెమెరాకు బరువు కనపడదు. పంతొమ్మిదేళ్ళు మనుషుల్ని ఎత్తితే వచ్చిన ఎరుక అది. ఎత్తకుండా ఎవరికీ రాదు, ఎత్తినవాళ్ళను అడగకుండా ఏ యంత్రానికీ ఎక్కదు. మనిషి మనసు ఎక్కడుందో వెతకడానికి కోట్లు పోసి యంత్రాలు తెస్తున్నాం. రోజూ ఆ మనిషిని రెండు చేతులతో ఎత్తే ఆడమనిషి చేత మాత్రం నోరు తెరవనని సంతకం పెట్టించుకుంటున్నాం. తెలివి లేదని ఎవర్ని అనాలి?

ఈ ఏడాది మొదట్లో ఆ వార్డు ఆయాలు ఏడుగురూ పెద్ద నర్సూ కలిసి యాజమాన్యానికి అర్జీ పెట్టారు. మొదటి సంతకం కాళియమ్మది, రెండోది జెబ సిస్టరుది. అడిగింది రెండే. ఆయాల చేత సంతకం పెట్టించుకున్న ఆ పాత కాగితాలు చించెయ్యాలి. రోగిని తిప్పే చార్టులో ఆయా చెప్పింది ఆయా పేరుతో రాయడానికి ఒక గడి పెట్టాలి. చూస్తాం అన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు. కాళియమ్మ మాత్రం ఇప్పుడు ఎవరు అడిగినా చెబుతోంది. ఇంకా పనిలోంచి తీసెయ్యలేదు. తీసేసినా సరే అంటోంది. విజి వీధిలో ఎదురైతే కాళియమ్మే తలొంచుకుని పక్కకు తప్పుకుంటుంది.

ఇది చదివినవాళ్ళు చెయ్యదగ్గ పని ఒకటుంది. రేపు మీ మనిషి ఎవరైనా అలాంటి మంచం మీద ఉంటే, డాక్టరును అడగండి, యంత్రం చూపిన అంకె కూడా అడగండి, ఆ అంకె ఏ పిలుపుకు వచ్చిందో అడగండి. ఇంట్లో మీరు పిలిచే పిలుపు, మీ ఇంటి భాష సిగ్గుపడకుండా రాసివ్వండి. ఆ తర్వాత, పొద్దున్నే ఒళ్ళు తుడిచిన ఆడమనిషి ఎవరో వెతికి, పేరు తెలుసుకుని, నర్సునూ డాక్టరునూ పక్కన నిలబెట్టి ఆమెను అడగండి. భయపడితే, నీ ఉద్యోగానికి నేను పూచీ అని ఆస్పత్రివాళ్ళ ఎదుటే అనండి. ఆమె చెప్పింది కేసు షీటులో రాసేదాకా అక్కణ్ణుంచి కదలకండి. రాయడానికి గడి లేదంటే, కింద ఖాళీ జాగాలో మీరే రాసి సంతకం పెట్టండి.